కొత్త డ్రైవర్ కొంటే బంతి నిజంగా ఎక్కువ దూరం పోతుందా?

జనవరి వచ్చిందంటే మనకు సంక్రాంతి, గోల్ఫ్ కంపెనీలకు కొత్త డ్రైవర్ల సీజన్. టీ మీద పెట్టిన బంతిని తొలి దెబ్బకే వీలైనంత దూరం పంపే పెద్ద తల కర్రే డ్రైవర్. పేరున్న కంపెనీది కొనాలంటే ఇప్పుడు 600 డాలర్ల దగ్గర ఉంది. 2023లో మన సాహిత్ తీగల ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాక, మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ల గ్యారేజీల్లో క్రికెట్ కిట్ల పక్కన గోల్ఫ్ బ్యాగులు కూడా చేరాయి. వాటితోపాటే "ఈ కొత్త మోడల్‌తో పది గజాలు ఎక్కువ వస్తుందట" అన్న మాట కూడా.

ఏటా పది గజాలు నిజమైతే ఇరవై ఏళ్లలో 200 గజాలు పెరిగి ఉండాలి కదా. లెక్క చూద్దాం. అమెరికా పీజీఏ టూర్‌లో సగటు డ్రైవ్ 1980లో సుమారు 257 గజాలు, 2003లో సుమారు 286, 2023లో 300కు కాస్త అటూ ఇటూ. అంటే అసలు దూకుడంతా 2003 లోపలే. చెక్క తలలు పోయి స్టీలు, టైటానియం బోలు తలలు రావడం, 2000 చివర్లో ప్రోవీ1 లాంటి గట్టి కోర్ బంతులు రావడం ఆ కాలంలోనే. తర్వాతి పెరుగుదలలో జిమ్‌లో కష్టపడే కుర్రాళ్ల వాటా తక్కువేమీ కాదు. ఇక మామూలు ఆటగాళ్ల సంగతి. బ్రిటన్‌లో మగ అమెచ్యూర్లను కొలిస్తే 1996లో సగటు 200 గజాలు, 2005కు 217 దాకా వచ్చింది, 2019లోనూ దాదాపు అంతే. ఆ మధ్య పద్నాలుగేళ్లలో ఎన్ని కొత్త మోడళ్లు అమ్ముడయ్యాయో!

ఎందుకు ఆగిపోయిందంటే, నిబంధన అడ్డుపడింది. ఇంటర్లో చదువుకున్న ప్రత్యావస్థాన గుణకం గుర్తుందా? ఢీకొన్నాక ఎంత వేగంతో విడిపోతాయో చెప్పే సంఖ్య. డ్రైవర్ ముఖానికి ఇది 0.83 దాటకూడదని యూఎస్‌జీఏ 1998లోనే హద్దు పెట్టింది. 2004 నుంచి పరీక్ష తీరు మారింది. స్టీలు లోలకంతో ముఖాన్ని తట్టి, అది ఎంతసేపు అంటుకుని ఉందో మైక్రోసెకన్లలో కొలుస్తారు. హద్దు 239, వెసులుబాటు కలిపితే 257. తల పరిమాణానికి 460 ఘన సెంటీమీటర్లు హద్దు. కంపెనీలన్నీ ఈ గీత అంచునే నిలబడి తయారుచేస్తున్నాయి. 2019 ఓపెన్‌లో జాండర్ షాఫ్లీ డ్రైవర్ ఈ పరీక్షలో ఫెయిలైంది కూడా.

కాగితం మీద వేసి చూశాను. తల 200 గ్రాములు, బంతి 46 గ్రాములు, కర్ర వేగం గంటకు 90 మైళ్లు అనుకుందాం. గుణకం 0.83 అయితే బంతి సుమారు 134 మైళ్ల వేగంతో వెళ్తుంది. పాత చెక్క డ్రైవర్‌కు దాదాపు 0.78 వేసుకుంటే 130. అంటే చెక్క కాలం నుంచి నేటిదాకా స్ప్రింగు గుణం వల్ల వచ్చిన లాభమంతా నాలుగు మైళ్లు, ఏడెనిమిది గజాలు. నిరుడు మోడల్‌కూ ఈ ఏడాది మోడల్‌కూ ఆ గుణకంలో తేడా ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

అలాగని కొత్తవన్నీ మోసమని నేననను. ముఖం మధ్యలో తగిలినప్పుడు తేడా లేదు గానీ, మనలాంటి వాళ్లకు మధ్యలో తగిలేదెప్పుడు? పక్కకు తగిలితే తల మెలితిరుగుతుంది, బంతి వేగం పోతుంది, దారి తప్పుతుంది. బరువును అంచులకు జరిపితే జడత్వ భ్రామకం పెరిగి ఆ మెలి తగ్గుతుంది. దీనికీ ఒక అక్షం చుట్టూ 5900 యూనిట్ల హద్దు ఉంది. 2024లో పింగ్, టేలర్‌మేడ్ గొప్పగా చెప్పుకున్న "10కె" అనేది రెండు అక్షాలవీ కలిపిన మొత్తం. పదిహేనేళ్ల నాటి డ్రైవర్ వాడుతున్నవాళ్లకు ఇక్కడ నిజమైన లాభం ఉంటుంది. రెండేళ్ల కిందటిది వాడుతున్నవాళ్లకు నా ఉద్దేశంలో చెప్పుకోదగ్గదేమీ ఉండదు.

మరి షాపులో కొట్టి చూస్తే కొత్తదే దూరం పోతుంది కదా అంటారు. పోతుంది. పాతది ఎవరో ఇచ్చింది, కొత్తది మన స్వింగుకు సరిపడే లాఫ్ట్, షాఫ్ట్ చూసి అమర్చింది. బంతి లేచే కోణం, వెనక్కి తిరిగే స్పిన్ సరిపడితే అదే వేగానికి ఎక్కువ గజాలు వస్తాయి. అది అమరిక చేసిన పని. పాత కర్రకు కూడా లాంచ్ మానిటర్ ముందు ఆ అమరిక చేయించుకోవచ్చు, ఖర్చు కొత్త డ్రైవర్‌లో కొంతే. స్కూలు టీముకు ఆడే పిల్లలైతే ఏటా ఎత్తు పెరుగుతుంటారు. వాళ్లకు ఖరీదైన కర్ర ఇప్పుడే ఎందుకో నాకు అర్థం కాదు. ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు పాఠాలు వస్తాయి, వేగం గంటకు ఒక మైలు పెరిగినా రెండు గజాలకు పైనే.

ఇంకో వార్త కూడా అమ్మకాలకు వాడుకుంటున్నారు. బంతుల దూరం తగ్గిస్తామని యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ 2023 డిసెంబరులో ప్రకటించాయి. 317 గజాలు, మరో మూడు వెసులుబాటు అన్న హద్దు అలాగే ఉంచి, పరీక్ష వేగాన్ని 120 మైళ్ల నుంచి 125కు పెంచుతున్నారు. "బంతి తగ్గుతుంది కాబట్టి డ్రైవర్ మార్చుకోండి" అని ఎవరైనా అంటే తొందరపడకండి. బలంగా కొట్టే ప్రొఫెషనల్స్‌కు 13 నుంచి 15 గజాలు పోవచ్చని అంచనా, మామూలు ఆటగాళ్లకు ఐదు లేదా అంతకన్నా తక్కువే. పైగా 2030 జనవరి దాకా మనం ఇప్పటి బంతులతోనే ఆడుకోవచ్చు.