గొట్టముపై గీతలు

మా ఆగిరిపల్లివంటి ఊళ్ళలో మధుమేహ రోగికి ప్రతిదినమును ఇన్సులిన్ ఎక్కించునది వైద్యుడు కాదు. వసారాలో వెలుతురునకెదురుగ సిరంజి నెత్తిపట్టి, కనులు చికిలించి, నల్లని గీతలను లెక్కించుకొను రోగియో, ఇంటి కోడలో, కళాశాలకు పోవు మనుమడో ఆ పని చేయుచున్నారు. చీటీపై వ్రాసిన మోతాదు ఆ గీతల మూలముననే శరీరమున చేరుచున్నది గనుక, సిరంజులను కొనువారు ధరను విచారించినంత శ్రద్ధగ గీతల మన్నికను గూడ విచారింపవలెనని నా వాదము.

సిరంజి గొట్టముపై అచ్చు వేయుట తేలిక పని కాదు. రసాలపండువలె అన్నిదిక్కుల గుండ్రమైన దానిపై కాగితపుచీటీ ముడుతపడక మానదు. సిరంజి ఒక్క దిక్కుననే వంగినది గనుక ఆ చిక్కు లేదు గాని, చదునైన అచ్చు దానిని సన్నని రేఖ మేరకే తాకును. కావున గొట్టమును దొర్లించుచు, పైనున్న సిరాతెరను అదే వేగమున జరుపుదురు. వేగము తప్పిన అంకెలు అలుకుకొనును, గొట్టము పక్కకు జరిగిన సున్న చోటు తప్పును. అన్నివైపుల వంగిన భాగములకైతే చెక్కుడుపలకలోని సిరాను మెత్తని సిలికోన్ దిమ్మతో ఎత్తి అద్దుదురు. పాలీప్రొపిలీన్ స్వభావముచేతనే సిరాను పట్టదు. జ్వాలతోగాని విద్యుదుత్సర్గముతోగాని దానిని ముందుగ సిద్ధపరుపకున్న, నేడు నిగనిగలాడిన గీత రేపు స్పిరిట్ దూది తగిలినంతనే లేచిపోవును. ఒక్కసారి వాడి పారవేయవలసిన సిరంజిని పేదయిండ్లలో పలుమారు వాడుదురు. అది మెచ్చదగినది కాదు, అయినను లేదనుకొనుట ఆత్మవంచన.

మనదేశమున మరియొక చిక్కు గలదు. సీసాలలోని ఇన్సులిన్ చాలమట్టుకు మిల్లీలీటరునకు 40 యూనిట్లది; పెన్నులలోనిది సాధారణముగ 100 యూనిట్లది. సిరంజులును రెండు రకములు: 40 దానికి ఎర్రమూత, 100 దానికి నారింజమూత. పెన్ను చెడిన రాత్రి దాని కార్ట్రిడ్జినుండి ఎర్రమూత సిరంజితో 20వ గీతవరకు లాగినచో వచ్చునది అర మిల్లీలీటరు, అనగా 50 యూనిట్లు. గీత చెరగలేదు, అచ్చు తప్పలేదు. ప్రాణమునకు మాత్రము ముప్పు వచ్చినది. బ్రిటన్ 1983లోనే 100కు మారి ఈ బెడదను వదల్చుకొన్నది.

వైద్యపరికరముల నియమములు 2018 జనవరి 1నుండి అమలులో నున్నవి. విశాఖపట్టణమున వైద్యపరికరములు తయారుచేయు మెడ్‌టెక్ జోన్ వెలసినది. ఇక టెండరులలో స్పిరిట్ తుడుపు పరీక్షను, ముసలికంటికి ఆనునంత పెద్ద అంకెను షరతులుగ చేర్చుటకు అడ్డేమి? సీసాలన్నియు 100కు మారు తేదీని ప్రభుత్వము ప్రకటింపవలెను. అంతవరకు మందులకొట్టువారు రెండురకముల సిరంజులను ఒకే అరలో నుంచరాదు, సీసాను చూడక సిరంజి నీయరాదు.