ఆ పాటకి పేరు లేదని ఎవరన్నారు?

పోయిన ఉభాల రోజుల్లో మా అమ్మ ఓ పాట అందుకుని రెండో చరణం దగ్గర ఆగిపోయింది. డెబ్బైల్లో, పెళ్ళికి ముందు, మడిలో వంగి పాడిన పాట. మిగతా చరణాలు గుర్తు రాక రెండ్రోజులు బెంగపడింది. ఎచ్చెర్లలో యూనివర్సిటీ దగ్గరి నా గదిలో కూర్చుని, ఆ రెండు చరణాలూ టైపు చేసి ఏఐని అడిగాను. అంతకు ముందు అమ్మకి సగం గుర్తున్న సినిమా పాటని అది ఇట్టే పట్టుకుంది. పాడింది పి. సుశీల అనీ, ఫలానా సినిమా అనీ చెప్పింది. అమ్మ మొహం వెలిగిపోయింది. అందుకే నాకూ ఆశ పుట్టింది.

అర నిమిషంలో నాలుగు చరణాలొచ్చాయి. ప్రాస కుదిరింది, యాస కుదరలేదు. పైగా అది ఒక ప్రసిద్ధ ప్రజాకవి రాసిన పాటట! చదివి వినిపిస్తే అమ్మ, "ఇదేటే? మా పాట కాదిది" అంది. నిలదీస్తే ఏఐ క్షమాపణ చెప్పి, ఇంకో మగకవి పేరు చెప్పింది.

నవ్వుకుని వదిలేసే విషయమేనా ఇది? ఈ యంత్రాలు రాతలో ఉన్నదాన్ని బట్టి ఏ మాట పక్కన ఏ మాట రావచ్చో నేర్చుకుంటాయి. తెలియదనడం కంటే అల్లి చెప్పడం వాటికి సులువు. విజయనగరంలో పుట్టిన సుశీల 17,695 పాటలతో 2016లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆమె పాటలకి రికార్డులున్నాయి, క్యాసెట్ల అట్టలున్నాయి, టైటిల్స్‌లో పేరుంది. మా అమ్మా, ఆమెతో పాటు వరసలో నిలబడి నాట్లేసిన కూలి ఆడవాళ్ళూ పాడినదానికి ఇవేవీ లేవు. ఖాళీ కనబడితే యంత్రం అక్కడ మగవాడి పేరు పెట్టింది. ఆ అలవాటు దానికి ఎక్కడ అబ్బింది?

మన దగ్గరే. జానపద సంకలనాలు తెరిచి చూడండి. అట్ట మీద సేకర్త పేరుంటుంది. లోపల దంపుడు పాటలు, ఊడుపు పాటలు, స్త్రీల పాటలు అని విభాగాలుంటాయి. పాడిన మనిషి పేరు, ఊరు, కులం ఎన్నింటిలో ఉన్నాయి? 'జానపదం సామూహికం, దానికి కర్త ఉండడు' అని క్లాసుల్లో చెప్తూనే ఉన్నాం. పదిమందిదైన పాట ఎవరిదీ కాకుండా ఎలా పోతుంది? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, దాన్ని సేకరించి పాడింది తానని గాయని కోమలి బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. అలా అడగడానికి వీలు లేని వాళ్ళ సంగతేమిటి?

దారి మనకి తెలియనిదేం కాదు. 1986లోనే స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటల్ని వాళ్ళ పేర్లతోనే అచ్చు వేసింది. ఆ పుస్తకాన్ని ఉదహరిస్తూ వ్యాసాలు రాస్తాం, మన అనుబంధాల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

ఏఐని ముట్టుకోకూడదనే మిత్రులతో నాకు పేచీ ఉంది. అది అమ్మకి ఒక పాటని తిరిగిచ్చింది, కాదనలేను. ఉన్న టేపులన్నీ దానికి అప్పజెప్పేస్తే సరి అనేవాళ్ళతో ఇంకా పెద్ద పేచీ ఉంది. పాడినవాళ్ళ పేరూ, ఊరూ, అనుమతీ లేకుండా ఇచ్చేస్తే, మనం చేసిన తప్పునే అది వేగంగా లక్షలమందికి పంచుతుంది. ముందు మన టేపుల పెట్టెలు తెరుద్దాం. పాడినవాళ్ళు బతికుండగానే వెళ్ళి అడుగుదాం.

ఇది ఇతరులకి చెప్తున్న నీతి కాదు. నా సిద్ధాంతవ్యాసం అనుబంధంలో 38 పాటలున్నాయి. ప్రతి పాట కిందా 'సేకరణ: పరిశోధకురాలు' అని ఉంది. అందులో 12 పాటలు పాడిన పెద్దమ్మకి ఓ ప్రతి తీసుకెళ్ళి గర్వంగా చూపించాను. ఆమెకి చదువు రాదు. పేజీ మీద చెయ్యి ఆనించి, "ఇందల నా పేరెక్కడున్నాదమ్మా?" అంది. ఏ మాటా చెప్పలేక టీ తాగి వచ్చేశాను. యంత్రం కనీసం క్షమాపణ చెప్పింది.

ఇక్కడ కూడా ఆమె పేరు రాయలేదు. రాయొచ్చా అని ఇంకా అడగలేదు కనుక. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను, అమ్మని కూడా తీసుకుని. ఆ మూడో చరణం ఆమెకి తెలిసే ఉంటుందని అమ్మ నమ్మకం.