మూడో తరగతి చదువు: రెండు సర్వేలు, రెండు లెక్కలు

మన దేశంలో మూడో తరగతి పిల్లలకు చదవడం వచ్చా? 2025లో వెలువడిన రెండు జాతీయ నివేదికలు ఈ ప్రశ్నకు పొంతనలేని జవాబులు ఇచ్చినట్టు కనిపిస్తాయి. జనవరిలో ప్రథమ్ సంస్థ విడుదల చేసిన ‘అసర్ 2024’ ప్రకారం, గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్న వారిలో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం మందే. జులైలో బయటకు వచ్చిన కేంద్ర ప్రభుత్వ ‘పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్’లో మాత్రం మూడో తరగతి భాషా సగటు 64 శాతం.

ప్రభుత్వాలను సమర్థించేవారు రెండో అంకెను, విమర్శించేవారు మొదటి అంకెను పట్టుకుంటున్నారు. కానీ ఈ రెండు సర్వేలు కొలిచింది ఒకే విషయాన్ని కాదు.

గుర్తించడం వేరు, చదవడం వేరు

పరఖ్‌లో 64 శాతం అంటే నూటికి 64 మంది పిల్లలకు చదవడం వచ్చని కాదు. అడిగిన ప్రశ్నల్లో సగటున 64 శాతానికి సరైన జవాబు వచ్చిందని అర్థం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నకు ఏమీ తెలియకుండా టిక్కు పెట్టినా నాలుగింట ఒకసారి మార్కు పడుతుంది. 2024 డిసెంబర్ 4న జరిగిన ఈ పరీక్షను 781 జిల్లాల్లో, 74 వేలకు పైగా బడుల్లో, 3, 6, 9 తరగతులకు చెందిన 21 లక్షల మందికి పైగా విద్యార్థులు రాశారు. వీటిలో పట్టణ బడులు, ప్రైవేటు బడులు కూడా ఉన్నాయి.

అసర్ పద్ధతి వేరు. వాలంటీర్లు 605 గ్రామీణ జిల్లాల్లో దాదాపు 18 వేల ఊళ్లకు వెళ్లారు. ఇంటి దగ్గరే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చిన్న పాఠం చదివించారు, లెక్కలు చేయించారు. ఇక్కడ ఊహించి గట్టెక్కే వీలు లేదు. చదివితే చదివినట్టు, లేకపోతే లేనట్టు.

అందుకే 64 నుంచి 23 తీసేసి మిగిలినదంతా మోసమని తేల్చడం సరికాదు. పరఖ్ నివేదికను సగటు దగ్గర ఆపకుండా లోపలికి చదివితే అది చెప్పేదీ దిగులుపడే సంగతే. 99 వరకు ఉన్న అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసలో పెట్టగలిగిన మూడో తరగతి పిల్లలు 55 శాతమే. ఆరో తరగతి గణితం సగటు 46 శాతం. పునాది బలహీనంగా ఉందన్న విషయంలో రెండు సర్వేలకూ పేచీ లేదు.

పరీక్ష పెట్టేది ఎవరు?

ఈ రెండు సర్వేల కంటే పిల్లల మీద ఎక్కువ ప్రభావం చూపేది మూడో రకం పరీక్ష. రాష్ట్ర విద్యాశాఖలు ప్రతి బడిలోనూ సొంత టీచర్లతోనే జరిపించి, మార్కులను పైకి పంపించుకునేది ఇదే. సందేహించాల్సింది ఈ మార్కులనే. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో ఇలాంటి అధికారిక పరీక్షను పరిశీలించారు. బయటి బృందం మళ్లీ పరీక్షించినప్పుడు పిల్లల అసలు స్థాయి అధికారిక మార్కుల కంటే బాగా తక్కువని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో జరిగిన ప్రయోగంలోనూ అదే కనిపించింది. టీచర్ల పర్యవేక్షణలో కాగితంపై రాసిన పరీక్షలు పిల్లల స్థాయిని ఎక్కువ చేసి చూపాయి. టాబ్లెట్లలో పెట్టిన పరీక్షల ఫలితాలు మాత్రం స్వతంత్ర పరీక్షలకు దగ్గరగా వచ్చాయి.

దీన్ని టీచర్ల నిజాయతీ సమస్యగా మాత్రమే చూస్తే అసలు కారణం దాటిపోతుంది. మార్కులు తగ్గితే సమీక్షా సమావేశంలో సంజాయిషీ చెప్పుకోవాల్సింది టీచరే. వెనకబడిన పిల్లవాడికి అదనపు సాయం వస్తుందన్న నమ్మకం లేనప్పుడు, నిజం రాసినందుకు దక్కేది మాటపడటమే. చివరికి నష్టపోయేది ఆ పిల్లవాడు. రిజిస్టరులో 70 మార్కులు ఉన్నవాడిని ప్రత్యేక తరగతిలో ఎవరు కూర్చోబెడతారు?

తెలుగు రాష్ట్రాల అనుభవం చూస్తే బయటి కొలత ఎందుకు కావాలో తెలుస్తుంది. ప్రభుత్వ, ప్రైవేటు బడులను కలిపి చూసినా, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. కొవిడ్ కాలం దాటాక, 2022 నాటికి ఆ అంకెలు 10.3కు, 5.2కు పడిపోయాయని అసర్ చెప్పింది. ఇంతటి పతనం ప్రోగ్రెస్ కార్డుల్లో కనిపించడం కష్టం.

ముందున్న చిక్కు

కోలుకున్న జాడలు కూడా బయటి కొలతలోనే తెలిశాయి. గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పఠన స్థాయి దేశవ్యాప్తంగా 2022లో 16.3 శాతం. 2024లో 23.4కు చేరి, 2018 నాటి 20.9ని దాటింది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ 2026-27 నాటికి పిల్లలందరికీ చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. గడువు దగ్గరపడేకొద్దీ చదువు పెంచడం కన్నా అంకె పెంచడమే తేలికన్న ఆలోచన వస్తుంది.

దీనికి మరో ఒత్తిడి తోడైంది. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ 5, 8 తరగతుల్లో పిల్లలను అదే తరగతిలో ఆపే వీలు కల్పించింది. దాని ప్రకారం 2024 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు ప్రకటించింది. వార్షిక పరీక్షలో తప్పినవారికి 2 నెలల్లో మళ్లీ పరీక్ష పెడతారు. అందులోనూ తప్పితే తరగతి మారదు. అయితే ప్రాథమిక విద్య పూర్తయ్యే వరకు బడి నుంచి పంపించేయకూడదు. పిల్లల భవిష్యత్తును తేల్చే పరీక్షలోనే బడి పనితీరునూ చూస్తామంటే ఆ మార్కుల మీద ఒత్తిడి రెట్టింపవుతుంది.

అందుకే ఈ పనులను విడదీయాలి. ఎవరికి ఏది రాలేదో తెలుసుకునేందుకు తరగతి గదిలో టీచరు పెట్టే పరీక్ష మార్కులను పోలికకు, ర్యాంకులకు వాడకూడదు. రాష్ట్రం, జిల్లా ఎక్కడున్నాయో చెప్పే పనిని బయటివారు నిర్వహించే నమూనా సర్వేలకు వదలాలి. బడులు పంపిన మార్కుల్లో కొన్నింటిని ఏటా తిరిగి పరీక్షించి, తేడాను బహిరంగపరచాలి. వీటన్నిటికీ ముందు, తక్కువ మార్కులు పంపిన బడికి మెమో బదులు అదనపు టీచరును, పుస్తకాలను పంపితే నిజం రాయడానికి టీచర్లు వెనకాడరు.