బుద్ధుడికీ మినహాయింపు వద్దు

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో నిట్టూరు, ఉదేగోళం అనే రెండు ఊళ్లున్నాయి. అశోకుడి శాసనాలు దేశమంతా ఉన్నా, వాటిలో ఆయన సొంత పేరు కనిపించేవి చాలా తక్కువ. మస్కి, గుజర్రాలతో పాటు ఈ రెండు ఊళ్లకూ ఆ ఘనత దక్కింది. అయితే ఇక్కడ చెక్కిన చిన్న శిలాశాసనంలో ఇంకో మాట కూడా ఉంది. తన కృషి ఫలితంగా జంబూద్వీపంలో దేవతలు మనుషులతో కలిశారని చక్రవర్తి చెప్పుకున్నాడు. శాసనం వేయించాడన్నది చరిత్ర, దేవతలు దిగొచ్చారన్నది రాజుగారి నమ్మకం. రాతి మీద ఉంది కదా అని రెండోదాన్ని కూడా ఒప్పేసుకుంటే బౌద్ధమూ మరో పురాణమైపోతుంది.

ఈ రెంటినీ విడదీసి చూపినవారిలో ముందువరసలో నిలిచేవాడు పోకల లక్ష్మీనరసు. మద్రాసులో సైన్సు పాఠాలు చెప్పిన అధ్యాపకుడు. బళ్లారి ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1907లో ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’ వెలువరించాడు. మహిమల జోలికి పోకుండా బుద్ధుణ్ణి చారిత్రక వ్యక్తిగా నిలబెట్టాడు. ఆత్మ లేదన్న సిద్ధాంతాన్ని మొహమాటం లేకుండా చివరిదాకా తీసుకెళ్లాడు. ఆత్మే లేనప్పుడు ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోయేదేమిటి? మనం చేసిన పనుల మంచిచెడ్డలు తర్వాతి తరాలకు అందుతాయి, అంతవరకే కర్మ. ఈ తర్కానికి ఒప్పుకుంటే, ‘పోయిన జన్మలో చేసుకున్నది ఈ జన్మలో అనుభవిస్తున్నాడు’ అంటూ దళితుడి కష్టానికి చెప్పే సాకు నిలవదు. 1922లో ఆయన కులం మీదే విడిగా ఒక పుస్తకం రాశాడు.

బౌద్ధం గురించి ఏం చదవాలని అడిగినవారికి అంబేడ్కర్ సిఫారసు చేసింది నరసు పుస్తకాన్నే. 1948 ముద్రణకు ముందుమాట కూడా రాశాడు. తన ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని ఇరవై తొమ్మిదేళ్లదాకా చూడకుండా ఎవడైనా పెరుగుతాడా అని అడిగాడు. సిద్ధార్థుడు ఇల్లు వదలడానికి రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగవే కారణమన్నాడు. తుంగభద్ర కాలువ చివరి పొలాలకు నీరందక కొట్లాడుకునే సీమకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. కానీ అర్థమైనంత మాత్రాన రుజువైనట్టు కాదు. పాళీ వ్యాఖ్యానాల్లో ఈ తగవు సిద్ధార్థుడు బుద్ధుడయ్యాకే వస్తుంది. ఆ దృశ్యాలు చూసి ఇల్లు వదిలాడన్న కథ నమ్మశక్యం కాదన్న అంబేడ్కర్ మాటకు బలముంది. దాని స్థానంలో ఆయన పెట్టిన కారణానికి మాత్రం ఆధారం చాలదు. అంబేడ్కర్ రాశాడు కాబట్టి అడక్కూడదంటే, నరసు నేర్పిన పద్ధతికే ద్రోహం చేసినట్టు.

మరి మన వాకిట్లో జరుగుతున్నదేమిటి? దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన ‘లాఫింగ్ బుద్ధ’ బొమ్మ పెట్టి, పొట్ట నిమిరితే డబ్బొస్తుందంటారు. ఆ బొమ్మ గౌతముడిది కానే కాదు, బుడాయి అనే చైనా సన్యాసిది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉన్న తొమ్మిదో శిలాశాసనంలో అశోకుడు ఇలాంటి తంతులనే తప్పుపట్టాడు. జబ్బు చేసినా, పెళ్లయినా, ప్రయాణమైనా జరిపే తంతులకు ఫలం స్వల్పమన్నాడు. దాసులనూ సేవకులనూ సరిగ్గా చూడడం, పెద్దలను గౌరవించడం అసలైన మంగళకార్యం అన్నాడు. పనికిమాలిన తంతులు ఎక్కువగా చేసేది ఆడవాళ్లేనని అందులోనే ఒక పోటు పొడిచాడు. అది ఆనాటి మగవాడి దురభిప్రాయం, దాన్ని వెనకేసుకు రావలసిన పని లేదు.

బౌద్ధంలోకి వచ్చి గురువారం పూజ మానేసి, పౌర్ణమి పూజ మొదలుపెడితే మారింది క్యాలెండరు మాత్రమే. ముహూర్తం చూడకుండా పెళ్లి చేయగలిగామా, పనిమనిషికి మన గ్లాసులోనే నీళ్లిచ్చామా అన్నవే అసలు పరీక్షలు. వాటిలో నెగ్గడానికి బుద్ధుడి పటం అక్కర్లేదు. తప్పితే ఆ పటం కాపాడదు.