మిలిటరోళ్లు పెంచని ఎత్తు మనకెందుకు?

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, మిలిటరీ జిప్సీ కొన్న. లిఫ్ట్ కొట్టించిన, ముప్పై ఒక్క ఇంచు టైర్లు ఏపించిన. నువ్వొచ్చి చూడాలె" అన్నడు. పోయి చూసిన. అబద్ధమెందుకు, బండి మస్తున్నది. ఎక్కాలంటే మోకాలు ఛాతీ దాంక లేపాల్సొచ్చింది.

వారం తిరగకముందే మళ్ల ఫోనొచ్చింది. కాలువ కట్ట మీద మలుపు తిప్పుతుంటే ఒక పక్క రెండు టైర్లు గాల్లకు లేసినయంట. జానెడు దూరంల కాలువ. "మామా, అమ్మకు చెప్పకు" అన్నడు. చెప్పలే. కాని ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. రీల్స్ చూసి ఇదే దారి పట్టిన పోరలు మండలానికి నలుగురన్న ఉన్నరు. అందుకే రాస్తున్న.

ఈ బండ్లు ఎక్కడికెళ్లి వస్తయ్? ఆర్మీ పక్కకు పెట్టిన బండ్లను వేలం వేస్తరు. ఎంఎస్‌టీసీ అనే సర్కారు కంపెనీ ఆన్‌లైన్ల ఈ వేలాలు నడుపుతది. వ్యాపారులు లాట్లు లాట్లుగ కొని, బాగు చేసి అమ్ముతరు. పంజాబ్, హర్యానా సరిహద్దుల ఉన్న డబ్వాలీ అసొంటి ఊర్లు జీపుల పనికే పేరువడ్డయ్. 1985ల వచ్చిన జిప్సీని మామూలు జనాలకు అమ్ముడు 2019ల బంద్ పెట్టిన్రు. ఇగ పాతదానికే గిరాకీ.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. జిప్సీకి కంపెనీ టైరు 205/70 ఆర్15. దాని ఎత్తు దగ్గర దగ్గర 67 సెంటీమీటర్లు. 31 ఇంచుల టైరంటే 79. తేడా 12. అండ్ల సగమే కిందికెళ్లి లేస్తది, అంటే 6 సెంటీమీటర్లు. లిఫ్ట్‌తోటి ఇంకింత లేస్తది కదా అంటవు. లేసేది బాడీ. కమాన్ల మీద బాడీ పైకి పోతది, యాక్సిల్ మాత్రం ఉన్నకాడనే ఉంటది. బురదల, రాళ్లల తాకేది ఆ యాక్సిలే. లిఫ్ట్‌కు పెట్టిన పైసలల్ల ఎక్కువ భాగం కంటికి పెట్టిన ఖర్చే.

పోయింది మాత్రం చానా ఉన్నది. టైరు పెరిగితే మీటర్ తప్పు చూపిస్తది. మీటర్ల 60 కనవడితే బండి నిజంగ 70 మీద పోతున్నట్టు. బ్రేకులు పాతయే, ఆపాల్సిన టైరు పెద్దది. ఇంజిన్ అదే, గేర్లు అవే, గుంజే బలం తగ్గుతది. ఎత్తైన బండి సంగతి మన పెద్దోళ్లకు ఫిజిక్స్ చదవకున్నా తెల్సు. గడ్డి నిండుగ ఎత్తిన ఎడ్లబండిని మలుపుకాడ ఎంత జాగ్రత్తగ తిప్పుతరో చూడలేదా? మా అల్లుడు తిప్పింది ఆ గడ్డిబండినే, కాకపోతే ఇంజిన్ పెట్టి.

కొండల్ల, ఎడారుల్ల ఇన్నేండ్లు తిరిగిన మిలిటరోళ్లు ఈ బండిని ఇంత ఎత్తు లేపలే. వాళ్లకు పని కావాలె, పటం కాదు.

ఇగ చట్టం. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ కేసుల తీర్పు చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దన్నది. అదే ఏడు చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఏ తెచ్చిన్రు. దాని ప్రకారం ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5 వేల జుర్మానా, లేకపోతే ఆర్నెల్ల దాంక జైలు, లేదా రెండూ. లిఫ్ట్ ఒకటి, టైర్లు ఒకటి, లెక్క మీరే పెట్టుకోండ్రి. ఇంకోటి, మనోళ్లు ముచ్చటపడి ఉంచుకునే ఆ మిలిటరీ పచ్చరంగు ఉన్నది చూడు, అది కూడ తప్పే. 1989 కేంద్ర మోటారు రూల్స్‌ల 121వ రూల్ ఆ రంగు రక్షణశాఖ బండ్లకు మాత్రమే అంటది.

చట్టం తప్పని నేననను. కాని దెబ్బ ఎవనికి పడుతున్నది? బండిని వేలంల అమ్మేది సర్కారు. లిఫ్ట్ కిట్టు బాజాప్త దుకాణంల అమ్ముతరు, దాని మీద జీఎస్టీ సర్కారుకే పోతది. రోడ్డు మీద ఆపి పట్టుకునేది మాత్రం పోరన్ని. అదే 182ఏ ల, మార్చి అమ్మే డీలర్‌కు బండికి లక్ష జుర్మానా, ఏడాది దాంక జైలు అని కూడ ఉన్నది. మా దిక్కు అట్ల ఒక్క డీలర్ మీద కేసైంది నేను చూడలే.

జర్మనీల ఇట్లాంటి మార్పు చేస్తే అధికారమున్న ఇన్‌స్పెక్టర్లు పరీక్షించి, సేఫ్ అయితే బండి కాయితాలల్ల ఎక్కిస్తరు. మన దగ్గర పరీక్షలకు పుణెల ఏఆర్ఏఐ ఉన్నది. మార్పులకు రూల్స్ రాసే అధికారం 2019 సవరణ కేంద్రానికి ఇచ్చింది. ఎంత ఎత్తు వరకు సేఫో తేల్చి, పాసైన కిట్లకే ముద్ర వెయ్యాలె. పాస్ కానిది దుకాణంలనే ఆగాలె, కాలువ కట్ట మీద కాదు.

అప్పటిదాంక తమ్మీ, కొంటే కొను. ముందుగల ఛాసిస్ నంబర్, వేలం కాయితాలు, సివిల్ రిజిస్ట్రేషన్ చూసుకో. కాయితం లేని బండి ఎంత సస్తకు వచ్చినా వద్దు. పైసలు బ్రేకులకు, కమాన్ పట్టీలకు పెట్టు. బురదల పోవాలంటే అదే సైజుల మంచి పట్టున్న టైర్లు ఏపించు.

మా అల్లుడు పోయిన ఆదివారం లిఫ్ట్ తీపించిండు. పెద్ద టైర్లు ఇంటెనక పడున్నయ్. కొంటమని రోజూ ఎవడో ఒకడు ఫోన్ చేస్తున్నడు. "అమ్ముకో, కాని కాలువ కట్ట ముచ్చట చెప్పినంకనే అమ్ము" అన్న. నిన్నటి దాంక ఇద్దరికి చెప్పిండంట. ఇద్దరూ మళ్ల ఫోన్ చెయ్యలే.