అమ్మేవాడి ఫోటోగ్రాఫర్ సరే, కొనేవాడి ఫోటోగ్రాఫర్ ఏడీ?

దుబాయ్‌లో ఇప్పుడు ఫ్లాటు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఫోటోగ్రాఫర్ రాకుండా పని సాగడం లేదు. ఒక బెడ్‌రూం ఇంటికి కొన్ని వందల దిర్హాములు ఇస్తే చాలు, గంటన్నరలో పాతిక ఫోటోలు తీసి, మర్నాటికల్లా కంప్యూటర్‌లో దిద్ది పంపిస్తారు. ఈ అలవాటు హైదరాబాదుకు ఎప్పుడో చేరింది. అక్కడినుంచి కరీంనగర్, నిజామాబాద్, విజయవాడ పక్కన వెలిసే వెంచర్లకూ పాకింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది కొంటున్నది ఆ ఫోటోలు చూసే. ఏడాదికో రెండేళ్లకో దొరికే సెలవులో తప్ప సైటు చూసే వీలు ఎవరికుంది గనుక? అందుకే ఈ ఫోటోల వెనక సంగతి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

సైట్ల మీద సూపర్‌వైజర్లుగా ఉన్న మేము ఈ తతంగాన్ని దగ్గర్నుంచి చూస్తుంటాం. షో ఫ్లాటు ఫోటోలకు రోజు ఖాయమైందంటే అంతకుముందు మూడు రోజులు మాకు నిద్ర ఉండదు. టైల్స్ మీద గ్రౌట్ మరకలు తుడిపించాలి, ఏసీ గ్రిల్లుల మీది ప్లాస్టిక్ పీకించాలి, స్విచ్ బోర్డులన్నీ ఒకే మట్టానికి ఉన్నాయో లేదో చూడాలి, బల్బులన్నీ ఒకే రంగు వెలుగిచ్చేలా మార్పించాలి. పసుపు బల్బూ తెల్ల బల్బూ కలిస్తే ఒకే గోడ రెండు రంగుల్లో పడుతుంది. పక్క ఫ్లాటులో సిమెంటు సంచులున్నా ఫర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం అద్దంలా మెరవాలి.

ఫోటోగ్రాఫర్ పని తక్కువదని మేము అనడం లేదు. స్టాండు మీద కెమెరాను నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తున పెట్టి గోడల నిలువు గీతలు వంగకుండా చూసుకుంటాడు, మా మేస్త్రీలు గోడకు తూకం చూసుకున్నట్టే. కిటికీ బయట మండే ఎండ, లోపల నీడ. ఒకే ఫోటోలో రెండూ సరిగ్గా పట్టవు. కాబట్టి కెమెరా కదపకుండా వెలుతురు మార్చి మూడో ఐదో తీసి, తర్వాత వాటిని కలుపుతాడు. బిల్డింగు ముందు భాగం తీయడానికి పొద్దు గూకాక ఇరవై నిమిషాల కోసం సాయంత్రమంతా కాచుకుని కూర్చుంటాడు. ఇందులో మోసమేమీ లేదు. మన కంటికి లోపలా బయటా రెండూ కనిపిస్తాయి, కెమెరాకు కనిపించవు, అంతే. సొంత ఫ్లాటు అద్దెకిచ్చే మనవాళ్లు కూడా ఫోన్‌తో మసక ఫోటోలు పెట్టి నెలల తరబడి ఖాళీగా ఉంచుకునేకన్నా, ఆ కొన్ని వందలు పెట్టడమే మేలు.

చిక్కంతా వెడల్పాటి లెన్సుతో. 16 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి కెమెరాను తలుపు మూలన పెడితే పదడుగుల గది కల్యాణ మండపంలా కనిపిస్తుంది. ముందున్న వస్తువు పెద్దదైపోతుంది, ఎదురు గోడ ఎక్కడికో వెళ్లిపోతుంది. దానికి తోడు ఆరడుగుల మంచం బదులు ఐదడుగులది వేస్తారు. బీరువా అసలు ఉండదు. మన ఇళ్లల్లో బీరువా లేని బెడ్‌రూం ఉంటుందా? ఇక కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఖాళీ గదిలో సోఫాలు మొలుస్తాయి, గోడమీది చెమ్మ మరక పోతుంది, కిటికీ ముందున్న కరెంటు స్తంభం మాయమవుతుంది. ఏఐ వచ్చాక ఇది నిమిషాల పని. ఇంకా పునాదే పడని ప్రాజెక్టులకైతే తీయడానికి ఇల్లే లేదు, ఉన్నదంతా కంప్యూటర్ బొమ్మే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. దుబాయ్‌లో రేరా 2007లో ఏర్పడింది. కట్టకముందే అమ్మే ఫ్లాట్ల డబ్బు ఎస్క్రో ఖాతాలో పడాలన్న చట్టమూ ఆ ఏడాదిదే. ఇప్పుడు ఏ ప్రకటనకైనా పర్మిట్ నంబరు ఉండాలి. అయితే ఆ ఇల్లు నిజంగా ఉందా, అమ్మే బ్రోకరుకు హక్కుందా అన్నదే పర్మిట్ చూసేది. గది ఎంత వెడల్పుగా కనిపిస్తోందో అది చూడదు.

మన దగ్గర 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందే ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటననో, బ్రోషర్‌నో, మోడల్ ఫ్లాటునో నమ్మి అడ్వాన్సు కట్టినవాళ్లు అందులోని తప్పు సమాచారం వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొన్నవాళ్లు వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలి. ప్రకటనలో రేరా నంబరు, రేరా వెబ్‌సైటు అడ్రసు ఉండి తీరాలి. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పాలి. అందులో లోపలి గోడలు కలుస్తాయి గానీ బయటి గోడలు, బాల్కనీ కలవవు. ఇంత ఉన్నా మనవాళ్లు చేసే పనేమిటంటే, డబ్బు కట్టేసి వాట్సాప్‌లో వచ్చిన బ్రోషర్‌ను ఫోన్ నిండిపోయిందని డిలీట్ చేసేస్తారు! రేపు కేసు వేయాలంటే చేతిలో ఉండాల్సిన కాగితం అదే.

ఇంకో సంగతి. స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 గజాలకు మించకపోయినా, మొత్తం ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఊరి శివార్లలో మనవాళ్లు కొనే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు ఈ లెక్కలోనే జారిపోతాయి.

మా క్యాంపులో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. డ్రోన్‌తో తీసిన వీడియో చూసి ప్లాటు కొన్నాడు. నలభై అడుగుల రోడ్డు, రెండు పక్కలా చెట్లు, గేటు, అన్నీ ఉన్నాయి. సెలవుకు పోయి చూస్తే ప్లాటు అంచు మీదుగా హైటెన్షన్ లైను పోతోంది. వచ్చాక ఆ వీడియోను మేమంతా మళ్లీ వేసుకుని చూశాం. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. డ్రోన్ ఎప్పుడూ ఆ లైను వైపు నుంచే లేచి, బయటికే చూసింది. లైనుకు వీపు పెట్టి తీస్తే లైను ఎలా కనపడుతుంది? అతను దాచింది ఎనిమిదేళ్ల జీతం.

అందుకని మేము అంటున్నది ఒకటే. అమ్మేవాడు ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకున్నాడు గదా, కొనేవాళ్లమూ పెట్టుకుందాం. బావమరిదినో చిన్నాన్న కొడుకునో పంపిస్తే వాళ్లు ఆఫీసులో టీ తాగి, "బాగుందన్నా, తీసుకో" అని ఫోన్ చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, ఏం చూడాలో వాళ్లకెవరు చెప్పారు? మండల కేంద్రాల్లో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లకు కొదవ లేదు. ఆషాఢంలోనూ మూఢంలోనూ వాళ్లకు పెళ్లిళ్లుండవు, ఒక పూట రమ్మంటే వస్తారు. బిల్డరుతో సంబంధం లేని మనిషైతే చాలు. వీలైతే ఒక సివిల్ డిప్లొమా కుర్రాణ్ని జతచేయాలి.

వాళ్లు తీయాల్సినవి అందమైన ఫోటోలు కావు. ఫోన్‌తో తీస్తే 0.5 అని ఉండే లెన్సు ముట్టుకోకుండా 1 మీదే తీయమనాలి. గదిలో టేపు పరిచి అంకెలు కనిపించేలా ఒకటి. ఎదురు గోడ దగ్గర మనిషిని నిలబెట్టి ఒకటి. పై అంతస్తు బాత్రూం కింద వచ్చే స్లాబు అడుగు భాగం, పైపులు దిగే డక్టు, మీటర్ బోర్డు, మెట్ల కింద మూల, టెర్రస్ మీద నీళ్లు నిలిచే చోటు. చెమ్మ ఎక్కడున్నా వీటిలోనే బయటపడుతుంది. ప్లాటు అయితే నాలుగు హద్దు రాళ్లూ, ఒక్కో రాయి దగ్గర నిలబడి నాలుగు దిక్కులూ. మెయిన్ రోడ్డు నుంచి ప్లాటు దాకా ఆపకుండా ఒక వీడియో. ప్రతి ఫోటో మీద తేదీ, లొకేషన్ పడాలి. డ్రోన్ కావాలనుకుంటే శంషాబాద్ వైపు వాళ్లు జాగ్రత్త. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎయిర్‌పోర్టు చుట్టూ రెడ్, ఎల్లో జోన్లలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

హైదరాబాద్‌లో "లేక్ వ్యూ" అని వచ్చే ఫోటోలను మాత్రం ఇంకాస్త అనుమానంగా చూడాలి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువు దగ్గర విల్లాలను కూల్చింది. చెరువు గట్టు మీది ఇల్లు ఫోటోలో ఎప్పుడూ అందంగానే ఉంటుంది. పైగా ఎండాకాలంలో తీస్తే నీళ్లు ఎక్కడో దూరంగా ఉంటాయి, మధ్యలో ఉన్నదంతా పచ్చిక మైదానంలా కనిపిస్తుంది. వానలు వెలిసిన వారంలో ఒక ఫోటో, ఏప్రిల్‌లో అదే చోటినుంచి ఇంకొకటి తీయించుకోవాలి. ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైటులో ఉన్నాయి. ఆ చెరువు మ్యాపు పక్కన ఈ రెండు ఫోటోలూ పెట్టుకుని చూశాకే అడ్వాన్సు మాట.