మందు ఒక్కటే చాలదు.. మంచి రాణి ఈగ కావాలి

అమెరికాలో 2024 జూన్ నుంచి 2025 ఫిబ్రవరి మధ్య వాణిజ్య పెంపకందారులు సగటున 62 శాతం తేనెటీగల పెట్టెలను కోల్పోయారు. నష్టపోయిన పెట్టెలను పరీక్షించిన ఫెడరల్ వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలకు వైరస్‌లు పెద్ద ఎత్తున కనిపించాయి. ఆ వైరస్‌లను వ్యాపింపజేసే వరోవా నల్లుల్లో అమిట్రాజ్ మందును తట్టుకునే జన్యు మార్పు బయటపడింది. ఒకే మందును ఏళ్ల తరబడి కొడితే పురుగు లొంగకుండా పోతుందని మన పత్తి రైతులకు బాగా తెలుసు.

ఈ సంగతి టెక్సస్ తెలుగువారికీ అవసరమే. అక్కడ 2012 నుంచి 5-20 ఎకరాల్లో తేనెటీగలు పెంచితే, షరతులకు లోబడి, ఆస్తి పన్నులో ఆ స్థలాన్ని సాగుభూమిగా లెక్కిస్తారు. పన్ను తగ్గుతుందని పెట్టెలు పెట్టాలనుకునేవారు ముందుగా చూడాల్సింది రాణి ఈగ ఏ సంతతిదన్నదే.

వరోవా అసలు మన ఆసియా ఈగపై బతికే నల్లి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే మన ఈగ దాన్ని చాలావరకు అదుపులో ఉంచుకుంటుంది. యూరప్ జాతి ఈగకు ఆ నేర్పు తక్కువ. అయితే ఆ జాతిలోనూ కొన్ని తుట్టెలు జబ్బుపడిన పిల్లను పసిగట్టి, గది మూత తెరిచి బయట పడేస్తాయి. ఇది వంశపారంపర్యంగా వచ్చే గుణం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్లా స్పివాక్, లూసియానాలోని బేటన్ రూజ్ ప్రభుత్వ ప్రయోగశాల ఇలాంటి గుణమున్న సంతతులను అభివృద్ధి చేశారు. పరీక్ష సులువే. ద్రవ నైట్రోజన్‌తో కొన్ని గదుల్లోని పిల్లలను చంపి, 24 గంటల్లో ఈగలు ఎన్నింటిని శుభ్రం చేశాయో లెక్కిస్తారు. 95 శాతం దాటితే ఆ సంతతిని ఎంచుకుంటారు.

రెండోది నెమ్మదితనం. బ్రెజిల్‌లో 1957లో తప్పించుకున్న ఆఫ్రికా సంతతి ఈగలు 1990లో టెక్సస్ చేరాయి. అందుకే ఎక్కడో దొరికిన తుట్టెను తెచ్చి పెట్టెలో వేసుకోవడం ఇరుగుపొరుగుకు ప్రమాదం. రాణిని మారిస్తే వేసవిలో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాత కూలి ఈగలు పోయి కొత్త రాణి సంతానమే మిగులుతుంది. తుట్టె స్వభావమూ మారుతుంది. నెమ్మదిగా ఉండే ఈగ బలహీనమనుకోనక్కర్లేదు. ప్యూర్టోరికో దీవిలో ఆఫ్రికా సంతతి ఈగలు కాలక్రమంలో సాధువుగా మారాయి, నల్లిని తట్టుకునే శక్తిని మాత్రం కోల్పోలేదు.

ఎంపికకూ హద్దుంది. రాణి గాలిలో ఎగురుతూ పదికి పైగా మగ ఈగలతో జతకడుతుంది. అన్నీ దగ్గరి సంతతివే అయితే పనికిరాని గుడ్లు పెరిగి తుట్టె క్షీణిస్తుంది. పైగా చుట్టుపక్కల మగ ఈగలు ఎలాంటివైతే తర్వాతి తరం అలాంటిదే. కాబట్టి ఒక్కరు మంచి రాణిని కొంటే సరిపోదు. ఇరుగుపొరుగు పెంపకందారులు కలిసి కొనాలి, నెలనెలా నల్లులను లెక్కపెట్టాలి, లెక్క మించినప్పుడే మందు వాడాలి. పన్ను ఆదా కోసం మొదలుపెట్టినా, పెట్టెలో ఈగలు బతికుంటేనే ఆ ఆదా నిలుస్తుంది.